విలువ – రూపం – నష్టం: డేటాబేస్ క్వెరీలలో దత్తాంశ రకాల మార్పిడి, చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
డేటాబేస్‌లో ఉన్న విలువను ఒక రకం నుంచి మరొక రకానికి మార్చడాన్ని సాధారణంగా చిన్న సాంకేతిక వివరంగానే పరిగణిస్తారు. అయితే మారడానికి వీలులేని విలువ ఎదురైనప్పుడు ఏం చెయ్యాలి అన్న ప్రశ్నకు గత ఆరు దశాబ్దాలలో వేర్వేరు వ్యవస్థలు వేర్వేరు సమాధానాలు ఇచ్చాయి. కొన్ని విలువను కత్తిరించాయి, కొన్ని సున్నా చేశాయి, కొన్ని ఊహించాయి, మరికొన్ని తిరస్కరించాయి. ఈ సమాధానాల చరిత్రను కోబాల్ నుంచి నేటి వ్యవస్థల వరకు పరిశీలించి, తెలుగు అంకెలు, శాసనాల తేదీలు ఉన్న దత్తాంశం విషయంలో వాటి పర్యవసానాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: దత్తాంశ రకం, మార్పిడి, క్యాస్ట్, ఎస్‌క్యూఎల్, తెలుగు అంకెలు, శాసనాలు, శక సంవత్సరం.

1. ఉపోద్ఘాతం

సంస్కృత శబ్దం తెలుగు వాక్యంలోకి ఉన్నదున్నట్టుగా రాదు. రామ శబ్దం రాముడు అవుతుంది, వన శబ్దం వనము అవుతుంది, తరు శబ్దం తరువు అవుతుంది. ఏ ప్రత్యయం చేరాలన్నది శబ్దం ఏ వర్గానికి చెందింది, దాని చివర ఏ అచ్చు ఉంది అన్నదానిపై ఆధారపడుతుంది. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణంలో తత్సమ పరిచ్ఛేదం ఈ మార్పులకే కేటాయించబడింది. అందులో గమనించదగిన విషయం ఒకటి ఉంది. సంస్కృతంలో మతి శబ్దం చివర హ్రస్వం, నదీ శబ్దం చివర దీర్ఘం. తెలుగులోకి వచ్చేసరికి రెండూ మతి, నది అని హ్రస్వాంతాలే. తెలుగు రూపాన్ని మాత్రమే చూసినవారికి మూలంలో దీర్ఘం ఉన్నదో లేదో తెలిసే మార్గం లేదు. మార్పు సక్రమంగానే జరిగింది, నియమం ప్రకారమే జరిగింది, అయినా ఒక సమాచారం తిరిగి రాకుండా పోయింది.

డేటాబేస్‌లలో జరిగే మార్పిడి స్వభావం కూడా ఇటువంటిదే. డేటాబేస్ పట్టికలో ప్రతి నిలువు వరుసకు ఒక రకం ఉంటుంది. అది పూర్ణాంకం కావచ్చు, దశాంశ సంఖ్య కావచ్చు, పాఠ్యం కావచ్చు, తేదీ కావచ్చు. పట్టికను ప్రశ్నించే వాక్యాన్ని క్వెరీ అంటారు. ఒక రకం విలువను మరొక రకం విలువతో పోల్చవలసి వచ్చినా, కలపవలసి వచ్చినా, రెండింటిలో ఒకటి రూపం మార్చుకోక తప్పదు. క్వెరీ రాసినవారు స్పష్టంగా కోరితే అది ప్రకటిత మార్పిడి. వారు కోరకుండానే వ్యవస్థ చేస్తే అది అవ్యక్త మార్పిడి. హైదరాబాదు ఎస్‌టీడీ కోడ్ 040. దానిని పాఠ్యంగా దాచితే మూడు అక్షరాలు. పూర్ణాంకంగా మార్చితే 40. తిరిగి పాఠ్యంగా మార్చినా 40 అనే వస్తుంది కాని 040 రాదు. గణితం దృష్టిలో ఏ పొరపాటూ లేదు. ఫోను మాత్రం కలవదు.

2. కార్డు గడుల నుంచి కోబాల్ వరకు

1890 అమెరికా జనాభా లెక్కలలో హెర్మన్ హాలరిత్ ప్రవేశపెట్టిన చిల్లుల కార్డుకు రకాలతో పనిలేదు. ఐబీఎం 1928లో తెచ్చిన 80 నిలువు గడుల కార్డులోనూ పరిస్థితి అదే. ఏ గడి నుంచి ఏ గడి వరకు వయస్సు, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు పేరు అన్నది కార్డుపై ఉండదు. అది యంత్రాన్ని అమర్చినవారికి తెలిసిన సంగతి. అంటే విలువ కార్డులో ఉంటే రకం మనిషి మనసులో ఉండేది.

ఆ మనసులోని సంగతిని కాగితం మీదికి తెచ్చినది కోబాల్. 1959లో మొదలై 1960లో నివేదికగా వెలువడిన ఈ భాషలో ప్రతి అంశానికి 'పిక్చర్' అనే వివరణ ఉంటుంది. తొమ్మిది అంకె వేస్తే అక్కడ అంకె రావాలని, ఎక్స్ వేస్తే ఏ అక్షరమైనా రావచ్చని అర్థం. ఒక అంశం నుంచి మరొక అంశానికి విలువను పంపే 'మూవ్' వాక్యమే ఆనాటి మార్పిడి. దాని నియమం కచ్చితమైనది: సంఖ్యలైతే దశాంశ బిందువును సరిపెట్టి, చోటు చాలకపోతే ఎడమవైపు అంకెలను తొలగిస్తుంది, పాఠ్యమైతే ఎడమవైపు నుంచి నింపి, కుడివైపు మిగిలిన దానిని తొలగిస్తుంది. మూడు అంకెల గడిలోకి 1234ను పంపితే 234 చేరుతుంది. వెయ్యి రూపాయలు పోయినా మూవ్ వాక్యం తనంతట తాను హెచ్చరిక ఇవ్వదు. చోటు ఆదా చెయ్యడం కోసం సంవత్సరాన్ని రెండు అంకెలలో దాచిన అలవాటు కూడా ఈ వాతావరణంలో స్థిరపడినదే. 1999 చివర ప్రపంచమంతా దానికి మూల్యం చెల్లించింది. ఆ మరమ్మతు పనిలో తెలుగు యువత పెద్ద సంఖ్యలో పాల్గొన్న సంగతి హైదరాబాదుకు కొత్త కాదు.

3. కాడ్ సిద్ధాంతం, ఎస్‌క్యూఎల్ ఆచరణ

1970 జూన్‌లో ఐబీఎం శాస్త్రవేత్త ఇ. ఎఫ్. కాడ్ ప్రచురించిన వ్యాసం నేటి డేటాబేస్‌లకు పునాది. అందులో 'డొమైన్' అనే భావన ఉంది. ప్రతి నిలువు వరుస ఏదో ఒక డొమైన్ నుంచి, అనగా అర్థవంతమైన విలువల సముదాయం నుంచి, తన విలువలను గ్రహిస్తుంది. విడిభాగం సంఖ్య ఒక డొమైన్, విడిభాగాల పరిమాణం మరొక డొమైన్. రెండూ పూర్ణాంకాలే. అయినా వాటిని పోల్చడంలో అర్థం లేదు. 1990లో వెలువడిన తన గ్రంథంలో కాడ్ ఈ విషయాన్ని మరింత పట్టుదలగా చెప్పాడు: వేర్వేరు డొమైన్ల విలువలను పోల్చదలచినవారు డొమైన్ తనిఖీని పక్కన పెడుతున్నామని క్వెరీలోనే ప్రకటించాలి.

ఆచరణ వేరే దారి పట్టింది. 1974లో ఐబీఎంకు చెందిన డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్ ప్రతిపాదించిన సీక్వెల్ భాష తరువాత ఎస్‌క్యూఎల్‌గా స్థిరపడింది. 1986లో దానికి అమెరికా ప్రమాణం ఏర్పడినప్పుడు అందులో ఉన్నవి స్థిర నిడివి పాఠ్యం, కొన్ని రకాల సంఖ్యలు మాత్రమే. తేదీ రకం లేదు. డొమైన్లు లేవు. రకాన్ని మార్చమని అడిగే వాక్యనిర్మాణమూ లేదు. అర్థాన్ని బట్టి విభజించాలని కాడ్ కోరితే, నిల్వ చేసే పద్ధతిని బట్టి విభజించి ప్రమాణం సరిపెట్టుకుంది. తరువాతి చిక్కులకు చాలావరకు మూలం ఇక్కడే ఉంది. ఎందుకంటే మార్పిడి సరియైనదా కాదా అని నిర్ణయించడానికి వ్యవస్థ దగ్గర ఉన్నది విలువ ఆకారం మాత్రమే, అర్థం కాదు.

ప్రమాణం వదిలిన ఖాళీని అమ్మకందారులు తమ తమ పద్ధతులలో పూరించారు. ఒరాకిల్ పాఠ్యానికి, సంఖ్యకు, తేదీకి వేర్వేరు మార్పిడి ప్రమేయాలను ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 'కన్వర్ట్' అనే ప్రమేయానికి శైలి సంఖ్యలను జతచేసింది. బర్క్‌లీలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో 1986లో మొదలైన పోస్ట్‌గ్రెస్ సంప్రదాయంలో రెండు జంట బిందువుల గుర్తు స్థిరపడింది. చివరికి 1992 ప్రమాణం 'క్యాస్ట్' అనే ఉమ్మడి రూపాన్ని ఇచ్చింది. తేదీ, సమయం రకాలు కూడా అప్పుడే చేరాయి.

క్యాస్ట్ అనే మాట ప్రోగ్రామింగ్ భాషల లోకంలో ఆల్గాల్ 68 నాటిది. క్యాస్ట్ భావన అక్కడి నుంచే సీ భాషపై ప్రభావం చూపిందని ఆ భాష నిర్మాత డెనిస్ రిచీ రాశాడు. ఆల్గాల్ 68 వాడుకలోకి తెచ్చిన మరొక మాట 'కొయెర్షన్'. దాని సాధారణార్థం బలవంతపెట్టడం. అడగకుండా జరిగే మార్పిడికి ఆ పేరు పెట్టినవారు మొహమాటపడలేదు. తరువాతి సాంకేతిక పత్రాలు చాలావరకు దానినే అవ్యక్త మార్పిడి అని మెత్తగా పిలిచాయి.

4. మౌనం, తిరస్కారం

మారలేని విలువ విషయంలో వ్యవస్థల స్వభావాలు స్పష్టంగా వేరుపడతాయి. మైఎస్‌క్యూఎల్ చాలాకాలం మౌనాన్ని ఆశ్రయించింది. ఫిబ్రవరి 31 వంటి లేని తేదీని ఇస్తే అన్నీ సున్నాలున్న తేదీని దాచి, హెచ్చరికను ఒక పక్కన ఉంచేది. ఆ హెచ్చరికను అడిగి చూసేవారు అరుదు. పాఠ్యాన్ని సంఖ్యతో పోల్చినప్పుడు ఈ వ్యవస్థ రెండింటినీ దశాంశ సంఖ్యలుగా మారుస్తుంది. అంకెతో మొదలుకాని పాఠ్యం సున్నా అవుతుంది. కాబట్టి ఊరి పేర్ల నిలువు వరుసను సున్నాతో పోల్చితే నల్గొండ, నెల్లూరు, కర్నూలు అన్నీ సున్నాకు సమానమే అవుతాయి. ఒకే షరతుతో వరుసలు తొలగించే క్వెరీలో ఇది జరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. వేగానికీ దెబ్బే: '1', ' 1', '1a' వంటి పాఠ్యాలన్నీ 1 గానే మారే అవకాశం ఉన్నందున ఆ వరుసపై ఉన్న సూచికను వ్యవస్థ వాడుకోలేదు, పట్టిక మొత్తం వెతకవలసి వస్తుంది. 2015లో వెలువడిన 5.7 సంచికలో కఠిన విధానం అప్రమేయంగా అమలులోకి వచ్చింది. అది కూడా విలువలను దాచే, మార్చే వాక్యాలకే వర్తిస్తుంది. చదివే క్వెరీలో పాఠ్యాన్ని పూర్ణాంకంగా మార్చమంటే సున్నా, హెచ్చరిక యథాతథంగా వస్తాయి.

రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఎస్‌క్యూలైట్ మరింత ఉదారమైనది. అక్కడ రకం వరుసకు కాక విలువకు చెందుతుంది. పూర్ణాంకమని ప్రకటించిన వరుసలో పాఠ్యం చేరినా అభ్యంతరం లేదు. దీనిని లోపంగా కాక సౌలభ్యంగా దాని నిర్మాతలు సమర్థించుకున్నారు. అయినా 2021 నవంబరులో కోరినవారికి కఠినమైన పట్టికలనూ అందించారు.

ఈ చరిత్రలో ఎక్కువ ఆలోచింపజేసేది పోస్ట్‌గ్రెస్‌ఎస్‌క్యూఎల్ 2008 ఫిబ్రవరి 4న విడుదల చేసిన 8.3 సంచిక. అంతకుముందు సంఖ్యలు, తేదీలు మొదలైన చాలా రకాలు అవసరమైనచోట తమంతట తామే పాఠ్యంగా మారేవి. 8.3లో దానిని రద్దు చేశారు. కారణాన్ని వివరిస్తూ విడుదల పత్రం ఒక ఉదాహరణ ఇచ్చింది. నేటి తేదీ 2017-11-17 కంటే ముందుదా అని ఒకరు అడుగుతారు. కాని ఆ తేదీకి ఉద్ధరణ చిహ్నాలు పెట్టడం మరచిపోతారు. చిహ్నాలు లేకపోతే అది తేదీ కాదు, తీసివేత లెక్క. 2017లో నుంచి 11, అందులో నుంచి 17 తీసివేస్తే 1989. ఇప్పుడు తేదీని పూర్ణాంకంతో పోల్చాలి. ఆ పోలికకు నియమం లేదు. నియమం లేదని చెప్పడానికి బదులు పాత వ్యవస్థ రెండింటినీ పాఠ్యంగా మార్చి నిఘంటు క్రమంలో పోల్చేది. '2008-02-04' అనే పాఠ్యం '1989' కంటే తరువాత వస్తుంది కనుక సమాధానం 'కాదు'. అసలు సమాధానం 'అవును'. పొరపాటు చేసినవారికి పొరపాటు జరిగిందని తెలియదు. జవాబు వచ్చింది కనుక నమ్ముతారు.

కొత్త సంచికకు మారినవారికి ఇబ్బందులు ఎదురయ్యాయి. అప్పటిదాకా నడిచిన క్వెరీలు దోషం చూపి ఆగిపోయాయి. తొలగించిన మార్పిడులను సొంతంగా తిరిగి ప్రకటించుకొనే వెసులుబాటు వ్యవస్థలోనే ఉన్నందున దానిని ఆశ్రయించి పాత అలవాటుకు తిరిగి వెళ్లే దారి కూడా తెరిచే ఉంది. ఇక్కడ నిర్మాతలు ఒక ఖర్చును ఒకరి మీద నుంచి మరొకరి మీదికి మార్చారు. అంతకుముందు తప్పు జవాబును చదివేవారు నష్టపోయేవారు. తరువాత క్వెరీ రాసేవారు కష్టపడవలసి వచ్చింది. ఈ మార్పు న్యాయమైనదే అనిపిస్తుంది. ఎందుకంటే క్వెరీ రాసేవారికి తప్పును దిద్దుకొనే అవకాశం ఉంది, జవాబును చదివేవారికి అది తప్పని తెలిసే అవకాశమే లేదు.

అలాగని తిరస్కారమే సర్వత్రా క్షేమమని చెప్పడానికీ వీలులేదు. డేటాబేస్ పరిధి వెలుపలిదే అయినా 1996 జూన్ 4 నాటి ఏరియన్ 5 రాకెట్ ప్రమాదాన్ని ఇక్కడ స్మరించవలసి ఉంది. 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చేటప్పుడు విలువ పట్టలేదు. దోషం ప్రకటితమైంది, దానిని అందుకొని సరిదిద్దే ఏర్పాటు లేదు, దిశానిర్దేశక కంప్యూటర్ ఆగిపోయింది. తిరస్కారం తరువాత ఏం చెయ్యాలో ముందే ఆలోచించకపోతే అది కూడా విధ్వంసమే. 2012లో ఎస్‌క్యూఎల్ సర్వర్ ప్రవేశపెట్టిన 'ట్రై క్యాస్ట్' ఈ రెండింటికీ నడుమ ఉన్న దారి: మారితే విలువ, మారకపోతే శూన్యవిలువ. ఒరాకిల్ 12.2 సంచిక నుంచి, మారకపోతే ఏ విలువ ఇవ్వాలో క్వెరీలోనే చెప్పవచ్చు.

5. తేదీగా మారిన పేర్లు

అన్ని మార్పిడులలో తేదీది ప్రత్యేక స్థానం. 03/04/2009 అంటే భారతదేశంలో ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 101 శైలి అమెరికా క్రమాన్ని, 103 శైలి బ్రిటిష్ క్రమాన్ని సూచిస్తాయి. శైలి చెప్పకపోతే సర్వర్ అమరిక నిర్ణయిస్తుంది. రోజు 12 దాటితే పొరపాటు బయటపడుతుంది, దాటకపోతే పడదు. అనగా ప్రతి నెలలో మొదటి పన్నెండు రోజుల తేదీలు మాత్రమే నిశ్శబ్దంగా చెడిపోతాయి. అందులోనూ రోజు, నెల ఒకే అంకె అయినవి బతికిపోతాయి.

తేదీ కానివాటిని తేదీలుగా ఊహించడం మరొక సమస్య. స్ప్రెడ్‌షీటులో డెక్1 అనే జన్యువు పేరు డిసెంబరు 1గా మారిపోతున్నదని 2004లోనే జీవసమాచార శాస్త్ర పత్రికలో పరిశోధకులు హెచ్చరించారు. 2016లో మరొక బృందం ప్రచురిత పరిశోధన పత్రాలను పరిశీలించి, ఎక్సెల్ జన్యు జాబితాలను అనుబంధంగా ఇచ్చిన పత్రాలలో సుమారు ఐదవ వంతు ఇటువంటి దోషాలతో ఉన్నాయని తేల్చింది. హెచ్చరికకూ ఈ లెక్కకూ మధ్య పన్నెండేళ్లు గడిచాయి. చివరికి 2020లో జన్యు నామకరణ సంఘం తన మార్గదర్శకాలలో సెప్ట్1ను సెప్టిన్1గా, మార్చ్1ను మార్చ్‌ఎఫ్1గా మార్చిన పేర్లను ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ మార్పిడి అలవాటు మారలేదు, శాస్త్రం తన పేర్లను మార్చుకుంది. రకాల మార్పిడి చరిత్రలో ఇంతకంటే విచిత్రమైన ఘట్టం మరొకటి కనిపించదు.

6. తెలుగు అంకెలు, శాసనాల తేదీలు

తెలుగు దత్తాంశం ఈ చరిత్రలో ఎక్కడ నిలుస్తుంది? యూనికోడ్ తొలి సంచిక నుంచే, అనగా 1991 నుంచి, ౦ మొదలు ౯ వరకు తెలుగు అంకెలకు స్థానం ఉంది. ప్రతి అంకెకు దాని సంఖ్యావిలువ కూడా యూనికోడ్ పట్టికలో నమోదై ఉంది. పైథాన్ భాష ఆ పట్టికను గౌరవిస్తుంది; ౧౨౩ అనే పాఠ్యాన్ని పూర్ణాంకంగా మార్చమంటే 123 ఇస్తుంది. డేటాబేస్‌ల తీరు వేరు. పోస్ట్‌గ్రెస్‌ఎస్‌క్యూఎల్ అదే పాఠ్యాన్ని పూర్ణాంకంగా అంగీకరించక దోషం చూపుతుంది. మైఎస్‌క్యూఎల్ హెచ్చరికతో సున్నా ఇస్తుంది. ఎస్‌క్యూలైట్ హెచ్చరిక కూడా లేకుండా సున్నా ఇస్తుంది. పాత పుస్తకాల ప్రచురణ సంవత్సరాలను ముఖపత్రం మీద ఉన్నట్టే తెలుగు అంకెలలో నమోదు చేసిన సూచిని ఆ సంవత్సరాల వారీగా వరుసపెట్టమంటే, మొదటి వ్యవస్థ నిరాకరిస్తుంది, మూడవది అన్ని పుస్తకాలనూ సున్నా సంవత్సరంలో చేరుస్తుంది. మార్పిడికి ముందు తెలుగు అంకెలను ఒక్కొక్కటిగా హిందూ-అరబిక్ అంకెలకు మార్చే ప్రమేయాన్ని వాడితే చాలు, ఇది పెద్ద పని కాదు. కాని ఆ అవసరం ఉన్నదని చెప్పేది నిరాకరించిన వ్యవస్థ మాత్రమే.

భిన్నాల గుర్తుల విషయం ఇంకా లోతైనది. పాత లెక్కలలో వాడిన తెలుగు భిన్న చిహ్నాలు 2008లో యూనికోడ్ 5.1లో చేరాయి. ఈ పద్ధతి నాలుగు ఆధారంగా నడుస్తుంది. పావుకు ఒక రకం గుర్తు, పావులో పావు అయిన వీసానికి మరొక రకం గుర్తు, దాని తరువాతి స్థానానికి మళ్లీ మొదటి రకం. యూనికోడ్ పట్టికలో మొదటి రకం ఒకటి గుర్తుకు నమోదైన విలువ 1 మాత్రమే, పావు కాదు. స్థానాన్ని బట్టి అది పావు కావచ్చు, అరవై నాలుగవ వంతు కావచ్చు. గుర్తును విడిగా తీసుకొని సంఖ్యగా మార్చేవారికి లెక్క తప్పుతుంది. మొత్తం రాతను చదివినవారికే విలువ తెలుస్తుంది.

శాసనాల తేదీలలో సమస్య పూర్తి స్వరూపంతో కనబడుతుంది. శాసనంలో శక సంవత్సరం, అరవై సంవత్సరాల చక్రంలోని పేరు, మాసం, పక్షం, తిథి, వారం ఉంటాయి. విరోధి అనే పేరు ఒక్కటే ఉంటే అది 1889, 1949, 2009 ఏదైనా కావచ్చు. అటువంటి విలువను తేదీ రకంలోకి మార్చడానికి వీలులేదు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందన్న సూత్రం చైత్రం మొదలు సుమారు మార్గశిరం వరకే చెల్లుతుంది, చివరి మాసాలకు 79 కలపాలి. పైగా ఆ శక సంవత్సరం గతమా వర్తమానమా అన్న విచారణ ఉండనే ఉంది. అందుకే శాసన పరిశోధకులు ఎల్. డి. స్వామికన్ను పిళ్లై 1922 నాటి ఎఫెమెరిస్ వంటి గ్రంథాలను ఆశ్రయించి, తిథికి వారం సరిపోతున్నదా అని సరిచూసుకుంటారు. వారం కుదిరితే తేదీ నిలుస్తుంది, కుదరకపోతే సందేహం మొదలవుతుంది.

ఈ పరీక్షను డేటాబేస్‌కు అప్పగిస్తే ఏమవుతుందో ఒక ప్రసిద్ధ ఉదాహరణతో చూడవచ్చు. కర్ణాటకలోని తుమకూరు జిల్లా హొన్నేనహళ్లిలో బయటపడి 2021లో వెలుగులోకి వచ్చిన కన్నడ శాసనం శ్రీకృష్ణదేవరాయల మరణాన్ని నమోదు చేసింది. దాని తేదీ శక 1451 విరోధి సంవత్సర కార్తిక శుద్ధ 15. పండితులు దీనిని 1529 అక్టోబరు 17, ఆదివారంగా నిర్ణయించారు. 1582కు పూర్వపు తేదీలను చరిత్రకారులు జూలియన్ క్యాలెండరులో చెప్పడం వాడుక. ఆ లెక్కన అది ఆదివారమే. అయితే పోస్ట్‌గ్రెస్‌ఎస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్ తేదీ రకాలు గ్రెగోరియన్ లెక్కను అది పుట్టక ముందటి కాలానికి కూడా పొడిగిస్తాయి. 1529-10-17 అనే పాఠ్యాన్ని అవి ఏ అభ్యంతరం లేకుండా తేదీగా స్వీకరిస్తాయి. ఏ వారమని అడిగితే మాత్రం గురువారం అంటాయి. ఆ శతాబ్దంలో రెండు క్యాలెండర్ల మధ్య తేడా పది రోజులు. పదిలో ఒక వారం పోగా మిగిలినవి మూడు రోజులు. ఒరాకిల్‌లో 1582 అక్టోబరు 4 తరువాతి రోజు అక్టోబరు 15 కనుక అక్కడి లెక్క వేరు. ఒకే శాసన సూచిని రెండు వ్యవస్థలలో ఉంచి వారాన్ని సరిచూసే క్వెరీ నడిపితే, ఒకచోట నిలిచిన శాసనం మరొకచోట అనుమానాస్పదాల జాబితాలో చేరవచ్చు.

ఇక్కడ విలువ ఆకారం సక్రమంగా ఉంది, మార్పిడి విజయవంతమైంది, హెచ్చరిక లేదు, కఠిన విధానం అమలులో ఉన్నా ఫలితం మారదు. లోపించినది ఆ తేదీ ఏ క్యాలెండరుకు చెందినదో చెప్పే సమాచారం. కాడ్ పరిభాషలో చెప్పాలంటే డొమైన్. శాసనాల, తాళపత్రాల సూచికలను నేడు డేటాబేస్‌లకు ఎక్కించేవారు శాసనంలోని రాతను తెలుగు అంకెలతో సహా ఒక పాఠ్య వరుసలో, నిర్ణయించిన తేదీని మరొక వరుసలో, ఆ తేదీ ఏ క్యాలెండరుదో మూడవ వరుసలో, దానిని ఏ గ్రంథం ఆధారంగా ఎవరు నిర్ణయించారో నాలుగవ వరుసలో ఉంచవలసి ఉంటుంది. మొదటి వరుస ఉన్నంతకాలం మిగిలిన మూడింటినీ తిరిగి లెక్కించవచ్చు. సూచికలో రెండవ వరుస ఒక్కటే మిగిలితే, విరోధి కార్తిక శుద్ధ 15 ఆదివారమో గురువారమో తేల్చడానికి మళ్లీ హొన్నేనహళ్లి రాతి దగ్గరికే వెళ్లాలి.